క్రిస్మస్ ముందు నాలుగు వారాలు – వృద్ధ దంపతుల హేమంతచర్య

క్రైస్తవ కుటుంబాలలో క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. డిసెంబర్ 25కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన రోజులను ఆగమన కాలమంటారు. నవంబర్ చివరనో, డిసెంబర్ మొదటి దినాలలోనో ఆరంభమయ్యే ఈ కాలం దాదాపుగా మన మార్గశిర మాసంతో, అనగా హేమంత ఋతువుతో కలిసి నడుస్తుంది. ఇంటికి సున్నం వేయించడం, వెదురుబద్దలతో నక్షత్రం కట్టించడం, పిండివంటలు, రాత్రివేళ పాటల బృందాలు, తెల్లవారకముందే ఆరాధనలు – ఇవన్నీ చలిలోనే జరుగుతాయి. పడుచువారికి ఇది వేడుక. అరవై అయిదు దాటినవారికి వేడుకతోపాటు దేహానికి పరీక్ష కూడా. ఈ పరీక్షలో నెగ్గే ఉపాయాలు మన ఆయుర్వేద గ్రంథాలలోనూ, మన వంటిళ్ళలోనూ ఉన్నాయి. వాటిని ఆచరణలో చూసిన అనుభవంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా ఊరు, మా చలి

మావారు, నేను ఇద్దరమూ ఉపాధ్యాయ వృత్తిలో ఉండి విశ్రాంతి పొందినవారమే. ఆయనకు డెబ్బది నాలుగు, నాకు అరువది తొమ్మిది. ఆయనకు రక్తపోటు ఉన్నది. చలిగాలి తగిలితే ఆయాసం వస్తుంది. నాకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. హైదరాబాదుకు ఆగ్నేయాన, బడంగ్‌పేటలో మా నివాసం. మేము స్థలం కొన్ననాడు అది సరూర్‌నగర్ మండలంలో ఒక గ్రామ పంచాయతీ. ఆ ఊరే 2020 జనవరిలో నగరపాలక సంస్థగా ఎన్నికలు జరుపుకొన్నది. కాలనీలు పెరిగినా, పాత ఊరిలో ఇంకా వేపచెట్లున్నాయి, ఇంటిముందు అరుగులున్నాయి, ఉదయం ఎండలో కూర్చుని కష్టసుఖాలు చెప్పుకొనే మనుషులున్నారు. పిల్లలు దూరాన ఉన్న మావంటి దంపతులకు ఆ అరుగులే బంధువులు.

హైదరాబాదులో డిసెంబర్ నెల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీలుంటుంది. నగరం నడుమ కట్టడాలు పగటి వేడిని రాత్రి వరకు పట్టి ఉంచుతాయి. శివార్లలోని ఖాళీ నేల, నిర్మలమైన ఆకాశం ఉన్నచోట ఆ వేడి త్వరగా వెళ్ళిపోతుంది. కనుక దిల్‌సుఖ్‌నగర్ బజారులో సరిపోయిన శాలువా, రాత్రి బడంగ్‌పేట చేరేసరికి చాలదు.

శాస్త్రం ఏమంటున్నది?

చరక సంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయం ఋతుచర్యను వివరిస్తుంది. హేమంతంలో బయటి చలి దేహంలోని వేడిని లోపలికి నెట్టుతుంది. అందువలన జఠరాగ్ని ప్రబలమవుతుంది. ఆ అగ్నికి తగిన ఆహారం అందకపోతే అది దేహంలోని రసధాతువునే దహిస్తుంది, వాతం ప్రకోపిస్తుంది. కనుక ఈ ఋతువులో తీపి, పులుపు, ఉప్పు రుచులు గల చమురైన ఆహారం, పాలు, బెల్లం, కొత్త బియ్యం, నూనె అంటుకోవడం, వేడినీళ్ళు, వెచ్చని గది హితమని చరకుడు చెప్పాడు. తేలికైన, ఎండిన ఆహారమూ, ఎదురుగాలీ కూడదన్నాడు.

ఇది చదివి “చలికాలంలో ఏది తిన్నా అరుగుతుంది” అని చాలామంది అనుకొంటారు. ఆ మాట బలవంతులకే వర్తిస్తుంది. వృద్ధుల విషయంలో మరొక సూత్రాన్ని దీనితో కలిపి చదవాలి. వయస్సుకు, పగటికి, రాత్రికి, భోజనానికి మొదట కఫం, నడుమ పిత్తం, చివర వాతం అధికమని అష్టాంగహృదయం చెబుతున్నది. ఈ లెక్కను మన పండుగకు అన్వయించి చూడండి. వార్ధక్యం వయస్సు చివర, అక్కడ వాతం. తెల్లవారుజాము రాత్రి చివర; అక్కడా వాతం. పైగా వాతాన్ని పెంచే శీతగాలి. తెల్లవారుజామున మూడు గంటలకు మఫ్లరు లేకుండా వీధిలో నిలిచిన వృద్ధునిపై మూడు వైపుల నుండి వాతం పడుతున్నదన్నమాట.

ఆధునిక వైద్యం కూడా వేరు భాషలో ఇదే హెచ్చరిక చేస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకొంటాయి, రక్తపోటు పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం శీతకాలంలో ఎక్కువ. అందునా ఉదయవేళల ప్రమాదం అధికం. కనుక హేమంతం ఇచ్చే బలాన్ని వృద్ధులు తీసుకోవలసిందే, అయితే వేళ చూసి, కొలత చూసి తీసుకోవాలి. ఈ వ్యాసానికంతటికీ ఇదే సారాంశం.

ఉదయచర్య

మేము నిద్ర లేవగానే పడక దిగము. రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు, మడమలు కదల్చి, మేజోళ్ళు తొడుగుకొని అప్పుడు లేస్తాము. గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసు త్రాగుతాము. చలికాలంలో దాహం తెలియదు. తెలియదని నీళ్ళు మానివేస్తే మలబద్ధకం, మూత్రంలో మంట తప్పవు. నడక ఎండ వచ్చిన తరువాతనే, ఏడున్నర ప్రాంతాన.

వారానికి రెండుమూడు దినాలు అభ్యంగం. రెండు పెద్ద చెంచాల నువ్వులనూనెను గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో ఉంచి వెచ్చచేయాలి. పొయ్యిమీద నేరుగా కాచి చర్మం కాల్చుకోకూడదు. కీళ్ళపై గుండ్రంగా, ఎముకల పొడవునా నిలువుగా మృదువుగా మర్దించి, అరగంట తరువాత పెసరపిండితో రుద్దుకొని వేడినీళ్ళ స్నానం చేయాలి. మావారి వీపుకు నేను, నా మోకాళ్ళకు ఆయన నూనె రాస్తాము. వార్ధక్యంలో దంపతులు ఒకరికొకరు చేసుకొనే వైద్యాలలో దీనికి మించినది లేదు. నూనె కాళ్ళతో స్నానాల గదిలో అడుగు పెట్టరాదు. ముందు పాదాలు తుడుచుకోవాలి. జ్వరం, జలుబు, అజీర్ణం ఉన్నప్పుడు అభ్యంగం నిషిద్ధం.

వంటింటి హేమంతం

ఈ నెలలో మా ఊరి సంతకు పచ్చి కందికాయలు, అనపకాయలు, మెంతికూర, ఉసిరికాయలు వస్తాయి. జొన్నరొట్టె మా ప్రాంతపు ముఖ్యాహారం. జొన్న రూక్షగుణం కలది, అనగా ఎండు స్వభావం. కనుక నువ్వుల పొడి, కొంచెం నెయ్యి తోడుగా తింటే వాతం చేయదు. అనపగింజల కూరకు అల్లం, జీలకర్ర, ఇంగువ తప్పనిసరి. రాత్రి భోజనం ఏడున్నరలోగా ముగించాలి.

డిసెంబర్ 16 ప్రాంతాన ధనుర్మాసం వస్తుంది. మా పొరుగింటి వదినగారు తెల్లవారుతూనే కట్టెపొంగలి గిన్నెతో గోడ అవతలి నుండి పిలుస్తారు. బియ్యం, పెసరపప్పు, మిరియాలు, అల్లం, జీలకర్ర, నెయ్యి – హేమంత ప్రాతఃకాలానికి ఇంతకంటె తగిన ఆహారం వైద్యుడు కూడా వ్రాయలేడు. మేము అరిసెలు పంపుతాము. కొత్త బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి – అవీ చరకుడు ఈ ఋతువుకు మెచ్చిన కోవలోనివే. పండుగలు వేరైనా ఋతువు ఒక్కటే కనుక రెండు వంటిళ్ళ మందూ ఒక్కటే అయింది.

అరిసె ఎప్పుడు? కేకు ఎంత?

డిసెంబర్‌లో ఎక్కడ చూసినా సెమీ క్రిస్మస్ కూడికలు. ప్రతి కూడికలోనూ కేకు, దానిపైన బిర్యానీ, ఇంటికి వస్తే అరిసెలు, గరిజెలు, మురుకులు. నావంటి మధుమేహ రోగికి ఈ నెల కత్తి అంచుమీద నడక. ఇక్కడ చరకుని మరొక మాట అక్కరకు వస్తుంది. పిండితో చేసిన పదార్థాలు గురువైనవి. భోజనం చేసిన తరువాత వాటిని తినరాదు. ఆకలి ఉన్నప్పుడు మాత్రమే, అదీ మితంగా తినాలి అని సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో ఉన్నది. మనం సరిగ్గా దీనికి విరుద్ధంగా భోజనం ముగించి, మిఠాయి పళ్ళెం ముందుకు జరుపుకొంటాము.

మా ఇంటి నియమం ఇది. కడుపు నిండిన తరువాత పిండివంట ముట్టము. ఉదయం పదకొండు గంటల వేళ ఆకలైనప్పుడు మావారు ఒక అరిసె తింటారు. ఆ పూట అన్నం తగ్గిస్తారు. నేను పావు ముక్కతో సరిపెట్టుకొంటాను. బెల్లంతో చేసినది షుగరు పెంచదనుకొనడం భ్రమ, బెల్లమూ చక్కెరజాతిదే. కూడికలలో కేకు ఇస్తే కాదనక వేలెడంత ముక్క తీసుకొని, మిగిలినది పక్కనున్న పిల్లవాని చేతిలో పెడతాను. పిల్లవాడూ సంతోషిస్తాడు, గ్లూకోమీటరూ సంతోషిస్తుంది.

మావారి పాట

ఈ నియమాలలో తిండి కంటె కష్టమైనది ఒకటున్నది. మావారు యవ్వనం నుండీ క్రిస్మస్ పాటల బృందంతో ఇల్లిల్లూ తిరిగినవారు. హార్మోనియం మెడకు తగిలించుకొని తెల్లవార్లూ పాడేవారు. మెదక్ కెథెడ్రల్‌లో తెల్లవారకముందే జరిగే క్రిస్మస్ ఆరాధనకు చలిలో ప్రయాణం కట్టి వెళ్ళేవారము. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ దేవాలయం కరువుకాలంలో ఎందరికో పని, అన్నం కల్పించి కట్టినది. అక్కడికి పోవడం ఆయనకు పుట్టింటికి పోవడం వంటిది.

మూడేళ్ళ క్రితం ఆయాసం హెచ్చినప్పుడు వైద్యులు రాత్రి తిరుగుడు కూడదన్నారు. “పాట మానితే నేను ముసలివాడినని నేనే ఒప్పుకొన్నట్లు కదా?” అని ఆయన రెండు దినాలు సరిగా భోజనం చేయలేదు. వృద్ధులకు పథ్యం చెప్పేవారు ఈ బాధను గుర్తించాలి. ఒక పనిని మాన్పిస్తే దానితోపాటు మనిషి గౌరవం కూడా తీసినట్లవుతుంది. అప్పుడు మందు పనిచేయదు.

తిరిగి వెళ్ళి వైద్యులనే అడిగాము. “పాట మానవద్దు, చలిగాలి మానండి” అన్నారు. ఆ ఒక్క మాటతో దారి దొరికింది. ఇప్పుడు డిసెంబర్ మొదటి వారం నుండి సాయంత్రం అయిదు మొదలు ఆరున్నర వరకు పిల్లలు మా వరండాకు వస్తారు. ఆయన హార్మోనియం ముందు కూర్చుని రాగాలు నేర్పుతారు. రాత్రి బృందం ఆయన లేకుండానే వీధులు తిరిగి చివరకు మా ఇంటికి చేరుతుంది. ఆయన గదిలోనే ఉండి, మఫ్లరు, స్వెట్టరుతో, కిటికీ వెనుక నుండి ఆఖరి చరణం అందుకొంటారు. నేను పెద్ద తపేలాలో కషాయం సిద్ధంగా ఉంచుతాను. మెదక్ ప్రయాణం కూడా మానలేదు. పండుగ గడిచాక, మధ్యాహ్నపు ఎండలో వెళ్ళి వస్తున్నాము.

ఇంటి వైద్యాలు

1. పాటల బృందపు కషాయం: రెండున్నర గ్లాసుల నీటిలో అంగుళం అల్లం దంచి వేసి, నాలుగు మిరియాలు, పది తులసి ఆకులు చేర్చి, ఒక గ్లాసున్నర మిగిలేవరకు మరిగించాలి. ఇది ఇద్దరికి చాలుతుంది. తేనె వేసుకొనేవారు గోరువెచ్చన అయిన తరువాతనే కలపాలి. వేడిలో తేనె ఆయుర్వేదం నిషేధించినది.

2. ముక్కు దిబ్బడకు: చెంచాడు వాము దోరగా వేయించి, నలిపి, పలుచని గుడ్డలో మూటకట్టి వాసన చూడాలి.

3. గొంతు బొంగురుకు: గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింత శ్రేష్ఠం. అతిమధురం వేరు నమలడం గాయకులకు అలవాటు. అయితే అది రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు ఉన్నవారు దానిని వాడరాదు.

4. అజీర్ణానికి: భోజనానికి ముందు చిన్న అల్లం ముక్క, చిటికెడు సైంధవ లవణంతో నమలాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు లేకుండా తీసుకోవాలి.

5. పొడిదగ్గుకు: పడుకొనే ముందు గ్లాసు వేడిపాలలో పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాలపొడి.

6. పాదాల పగుళ్ళకు: రాత్రి నువ్వులనూనె రాసి మేజోళ్ళు ధరించాలి. షుగరు ఉన్నవారు పాదాలను వేడినీళ్ళలో ముంచరాదు. స్పర్శ తగ్గిన పాదానికి కాలినది తెలియదు.

ముఖ్యమైన జాగ్రత్తలు

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఉంచుకొని నిద్రించడం ప్రాణాంతకం. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వెచ్చదనానికి రెండు పలుచని దుప్పట్లు, తలకు గుడ్డ, కాళ్ళకు మేజోళ్ళు చాలు.

పండుగ హడావిడిలో మాత్రలు మరువరాదు. కషాయం త్రాగుతున్నాము కదా అని రక్తపోటు, షుగరు మందులు ఆపరాదు. ఛాతీలో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి, చల్లని చెమట, మాట తడబడడం, మూతి వంకరపోవడం కనిపిస్తే గ్యాస్ నొప్పి అనుకొని వాము నములుతూ కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. దంపతులిద్దరే ఉండే ఇళ్ళలో ఆ సంఖ్యతోపాటు ఒక పొరుగువారి సంఖ్యను పెద్ద అక్షరాలతో గోడకు అంటించుకోవాలి.

పిల్లలకు ఒక మాట. క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు తల్లిదండ్రులకు కేకు డబ్బాకు మారుగా మంచి ఉన్ని మేజోళ్ళ జత, స్నానాల గదికి జారని పట్టా తీసుకొని రండి. ఒక పూట వారి పక్కన ఎండలో కూర్చోండి. హేమంతం బలాన్నిచ్చే ఋతువు. ఆ బలం పెద్దవారి దేహానికి చేరాలంటే నూనె, నెయ్యి, ఎండతోపాటు మనిషి తోడు కూడా కావాలి.