నీళ్ల దారి తెగిన ఊరు

ఊరిని కాపాడేది ఏది? కోట గోడా? మంచినీళ్ల బావా? ఈ ఊరి సంగతి చదివి మీరే చెప్పండి.

ఫ్రాన్స్ దేశంలో, దక్షిణాన, మినెర్వ్ అనే ఊరు ఉంది. మధ్యధరా సముద్రానికి దగ్గరే. చిన్న ఊరు. సన్నని రాతి వీధులు, పాత రాతి ఇళ్లు. చుట్టుపక్కల ద్రాక్ష తోటలు.

ఈ ఊరు ఒక పెద్ద బండ మీద ఉంది. ఒక పక్క సెస్ అనే ఏరు. ఇంకో పక్క బ్రియాన్ అనే ఏరు. రెండూ ఊరి దిగువన కలుస్తాయి. ఏళ్ల తరబడి పారి పారి ఈ ఏర్లు రాతిని లోతుగా కోసేశాయి. అలా కోసిన లోతైన సందునే మనం గండి అంటాం. మూడు వైపులా గండి. నాలుగో వైపు సన్నని నేల. అక్కడ కోట కట్టుకున్నారు. ఇక శత్రువు ఎక్కడి నుంచి వస్తాడు?

కానీ ఒక చిక్కు ఉంది. అక్కడిది సున్నపురాయి. సున్నపురాయిని నీళ్లు కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. రాతిలో బీటలు, బొరియలు పడతాయి. వేసవిలో సెస్ ఏటి నీళ్లు ఆ బొరియల్లోంచి నేల కిందికి దిగిపోతాయి. పైన ఏరు ఎండిపోతుంది. రాళ్లే మిగులుతాయి. ఊరికి కాపలా కాసే ఏరు ఎండాకాలం గుక్కెడు నీళ్లివ్వదన్న మాట!

అందుకని బండ కింద ఉన్న బావే వాళ్లకు దిక్కు. బావికి దిగడానికి గోడల చాటున దారి కట్టుకున్నారు.

అప్పట్లో ఆ ప్రాంతంలో కథార్లు అనే క్రైస్తవులు ఉండేవారు. వాళ్లలో దీక్ష తీసుకున్నవాళ్లు మాంసం ముట్టరు. పోప్ మాట వినరు. వాళ్లలో ఆడవాళ్లు కూడా మగవాళ్లలాగే దీక్ష తీసుకునేవారు. పోప్‌కు ఇది గిట్టలేదు. వాళ్ల మీదికి సైన్యాన్ని పంపాడు. ఆ సైన్యానికి నాయకుడు సిమోన్ ద మోన్‌ఫోర్. 1210 వేసవిలో అతను మినెర్వ్‌ను చుట్టుముట్టాడు.

సైనికులు గండి అవతల రాళ్లు విసిరే యంత్రాలు నిలబెట్టారు. అన్నిటికంటే పెద్దదానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'చెడ్డ పొరుగింటామె'. పేరు ఆడవాళ్లది, పని మగవాళ్లది! ఆ యంత్రం పెద్ద పెద్ద రాళ్లు విసిరి బావి దారిని పగలగొట్టింది. ఒక రాత్రి ఊరివాళ్లు చప్పుడు కాకుండా వెళ్లి దానికి నిప్పు పెట్టారు. ఆ సమయానికి సైనికుడొకడు ఒంటికి పోయడానికి లేచాడు. మంట చూసి కేక పెట్టాడు. యంత్రం దక్కింది. ఊరు దక్కలేదు.

మండు వేసవి. బావికి దారి లేదు. ఏట్లో చుక్క లేదు. ఇంటిల్లిపాదికీ నీళ్లు చూసుకునే ఆడవాళ్లకు ఆ రోజులు ఎలా గడిచాయో మీరు ఊహించగలరు. జూలైలో ఊరు లొంగిపోయింది. మతం మార్చుకుంటే ప్రాణం దక్కుతుందన్నారు. చాలామంది కథార్లు ఒప్పుకోలేదు. సుమారు 140 మందిని మంటల్లో కాల్చేశారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ముగ్గురు స్త్రీలను మాత్రం, సైన్యంలో ఉన్న ఒక దొర తల్లి మాథిల్డ్ నచ్చజెప్పి మంటల దగ్గర నుంచి తప్పించింది.

ఇప్పుడు ఆ ఊరు చూడటానికి దేశదేశాల వాళ్లు వస్తారు. కార్లు ఊరి బయటే ఆపి, ఎత్తయిన రాతి వంతెన మీద నడిచి వస్తారు. కోట పడిపోయింది. ఒక పొడవాటి గోడ ముక్క నిలబడి ఉంది. చర్చి దగ్గర ఒక నిలువు రాయి ఉంది. అందులో పావురం ఆకారంలో ఒక కంత తొలిచారు. చనిపోయినవాళ్ల గుర్తు అది. ఆ బావినీ చూడవచ్చు.

వేసవిలో ఎండిన ఏట్లోకి దిగి గండిలో నడవవచ్చు. పైన ఊరు, పక్కన నిటారు బండ. కొంత దూరం పోతే ఏరు కొండలోంచే తొలుచుకున్న సొరంగాలు రెండు వస్తాయి. పెద్దది 200 మీటర్లకు పైనే. లోపల చల్లగా, మసక చీకటిగా ఉంటుంది. గులకరాళ్ల మీద కాలు జారుతుంది. గట్టి చెప్పులు కావాలి. నీళ్లు వెంట తీసుకుపోవాలి.

వాన పడితే మాత్రం లోపలికి పోకూడదు. ఇక్కడ ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే చాలు. నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ ఇరుకులో పక్కకు తప్పుకునే చోటు ఉండదు.