బ్యాంక్ ఆఫ్ ఘనా: కాదనే అధికారం కోసం

పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ 1957 మార్చి 6న ఘనాగా స్వతంత్రమైంది. అంతకు రెండు రోజుల ముందే, మార్చి 4న, ఆ దేశపు కేంద్ర బ్యాంకు చట్టబద్ధంగా అవతరించింది. జెండా ఎగరకముందే బ్యాంకు ఉండాలన్న ఈ పట్టుదల వెనుక నాలుగున్నర దశాబ్దాల పరాధీన అనుభవం ఉంది. 1912లో ఏర్పడిన వెస్ట్ ఆఫ్రికన్ కరెన్సీ బోర్డు లండన్‌లో కూర్చొని నైజీరియా, గోల్డ్ కోస్ట్, సియెరా లియోన్, గాంబియాలకు నాణేలు, నోట్లు జారీ చేసేది. ఈ ప్రాంతాల్లో చలామణిలోకి వచ్చే ప్రతి పౌండుకూ అంతే విలువగల బ్రిటిష్ స్టెర్లింగ్ లండన్‌లో జమ అయి ఉండాలన్నది దాని నియమం. కనుక కోకో గింజల కొనుగోళ్లు జరిగే కాలంలో దేశంలో నగదు పెరిగేది, ఆ కాలం ముగియగానే తగ్గేది. స్థానిక రైతుకో వర్తకుడికో అప్పు అవసరమైతే దాన్ని సమకూర్చే బాధ్యత మాత్రం బోర్డుకు ఉండేది కాదు.

ఈ లోటును పూడ్చే మార్గం చెప్పడానికి వచ్చిన సర్ సెసిల్ ట్రెవర్ భారతీయ రిజర్వు బ్యాంకులో డిప్యూటీ గవర్నరుగా పనిచేసిన వ్యక్తి కావడం గమనార్హం. ఆయన 1951 నివేదికను అనుసరించి 1953లో బ్యాంక్ ఆఫ్ ది గోల్డ్ కోస్ట్ మొదలైంది. దానికి సారథ్యం వహించి, తరువాత బ్యాంక్ ఆఫ్ ఘనాకు తొలి గవర్నరైన ఆల్ఫ్రెడ్ ఎగుల్‌స్టన్ కూడా ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, అంటే నేటి స్టేట్ బ్యాంకు, నుంచి వచ్చినవాడే. వలస భారతంలో రూపుదిద్దుకున్న బ్యాంకింగ్ అనుభవం ఆఫ్రికా తీరంలో ఒక స్వతంత్ర దేశపు పునాదుల్లోకి చేరిన ఈ ఘట్టానికి మన ఆర్థిక చరిత్రల్లో తగిన చోటు దక్కలేదు.

1958లో సొంత పౌండు, 1965 జులైలో సీడీ అనే కొత్త కరెన్సీ వచ్చాయి. అయితే నోటుపై తొలి అధ్యక్షుడు ఎన్‌క్రూమా బొమ్మ ముద్రించుకోవడం సులభమే గాని, ఆ నోటు విలువను నిలబెట్టడం కష్టమైంది. స్వాతంత్ర్యం నాటికి దాదాపు 20 కోట్ల పౌండ్ల మేర ఉన్న విదేశీ నిల్వలు పరిశ్రమలకు, భారీ నిర్మాణాలకు ఖర్చవుతూ వచ్చాయి. అదే సమయంలో కోకో ధర పడిపోవడంతో 1960ల నడుమకు అవి దాదాపు ఖాళీ అయ్యాయి. 1971 డిసెంబరులో ప్రధాని బుసియా ప్రభుత్వం సీడీ మారకపు విలువను భారీగా తగ్గించగా, వారాల్లోనే సైనిక కుట్ర దాన్ని కూలదోసింది. ఆ భయంతో తరువాతి పాలకులు ఏళ్లపాటు విలువను తగ్గించే సాహసం చేయలేదు. లోటును కేంద్ర బ్యాంకు అప్పుతో, అంటే వాస్తవంలో కొత్త నోట్లతో, నింపుకొన్నారు. 1979లో పాత నోట్లను మార్చినప్పుడు 5,000 సీడీల వరకు పదికి ఏడు, అంతకు మించితే పదికి ఐదు మాత్రమే ఇచ్చారు. 1982లో 50 సీడీల నోటునే ఉపసంహరించారు. బ్లాకు మార్కెట్టును అణచడానికంటూ తీసుకున్న ఈ చర్యల భారం నగదునే పొదుపుగా దాచుకున్న సామాన్యులపై కూడా పడింది. 1983లో ద్రవ్యోల్బణం, అంటే ధరల సాధారణ పెరుగుదల రేటు, 120 శాతం దాటింది.

ఆ చేదు చరిత్రకు సమాధానంగా వచ్చిందే 2002 నాటి చట్టం. ధరల స్థిరత్వమే బ్యాంకు ప్రథమ కర్తవ్యమని అది నిర్దేశించి, విధాన వడ్డీ రేటును నిర్ణయించడానికి ద్రవ్య విధాన సంఘాన్ని నియమించి, ప్రభుత్వం తీసుకోగల అప్పుకు ఆ ఏటి ఆదాయంలో పదో వంతు హద్దు గీసింది. 2016 సవరణ ఆ హద్దును ముందటి ఏటి ఆదాయంలో 5 శాతానికి కుదించింది. 2007లో 10,000 పాత సీడీలు ఒక కొత్త ఘనా సీడీగా మారాయి. 2017, 2018లలో దివాలా తీసిన బ్యాంకుల లైసెన్సులను రద్దు చేసినప్పుడు, పర్యవేక్షక పాత్రలోనూ ఈ సంస్థ కఠినంగా ఉండగలదని తేలింది.

అసలు పరీక్ష కోవిడ్‌తో వచ్చింది. అత్యవసర వేళల్లో గవర్నరు, ఆర్థిక మంత్రి, ప్రధాన ఖాతాధికారి కూర్చొని అప్పు పరిమితిని పెంచుకోవచ్చన్న వెసులుబాటు చట్టంలోనే ఉంది. 2020లో బ్యాంకు 1,000 కోట్ల సీడీల ప్రభుత్వ బాండ్లు కొనగా, అంతర్జాతీయ మార్కెట్లు ఘనాకు తలుపులు మూసిన 2022లో అప్పు ఇంకా విస్తరించింది. ఆ డిసెంబరులో ద్రవ్యోల్బణం 54.1 శాతానికి చేరింది. విదేశీ రుణాల్లో చాలావాటి చెల్లింపులు ఆగిపోయాయి. రుణ పునర్వ్యవస్థీకరణలో తన వద్దనున్న ప్రభుత్వ పత్రాల విలువను వదులుకోవలసి రావడంతో, బ్యాంకు ఆ ఏడాది దాదాపు 6,080 కోట్ల సీడీల నష్టం ప్రకటించింది. 2023 అక్టోబరులో రాజధాని అక్రా వీధుల్లోకి వచ్చిన నిరసనకారులు గవర్నరు రాజీనామా కోరడం ఈ లెక్కలు సామాన్యుడి వంటింటి దాకా వెళ్లాయనడానికి నిదర్శనం.

నిల్వలను తిరిగి నింపుకోవడానికి 2021లో దేశీయ బంగారం కొనుగోలు మొదలుపెట్టిన బ్యాంకు వద్ద, అప్పట్లో 9 టన్నులు కూడా లేని పసిడి 2025 నాటికి 30 టన్నులు దాటింది. చట్టవిరుద్ధ తవ్వకాలతో ప్రా, అంకోబ్రా నదులు బురదమయమవుతున్న దేశంలో, కొనే ప్రతి గ్రాము ఎక్కడిదో తేల్చవలసిన బాధ్యత కూడా ఈ విజయంతోపాటే బ్యాంకుపై పడుతోంది. ప్రభుత్వానికి నేరుగా అప్పు ఇవ్వబోమని 2023లో ఆర్థిక శాఖతో చేసుకున్న ఒప్పందం అంతర్జాతీయ ద్రవ్య నిధి షరతుల నీడలో కుదిరినది. ఆ నిధి వెళ్లిపోయాక కూడా అది నిలవాలంటే, అత్యవసరం అంటే ఏమిటో, అది ఎన్నాళ్లు సాగవచ్చో పార్లమెంటే చట్టంలో రాసి, గవర్నరు, మంత్రి, ఖాతాధికారి చేతుల్లోంచి నిర్ణయాన్ని తన ముందుకు తెచ్చుకోవలసి ఉంటుంది.