ఇసుక నదిలో వెలుగు లెక్క

వాస్తవిక చిత్రం అంటే కంటికి కనిపించింది కనిపించినట్టు దించడమేనని చాలామంది నమ్మకం. అసలు అలా దించడం సాధ్యమే కాదు. శ్రీకాళహస్తి గుడి దగ్గర స్వర్ణముఖి నది ఒడ్డునే తీసుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండలో మెరిసే ఇసుకకూ మండపం లోపలి నీడకూ వెలుగులో తేడా వందల రెట్లు దాటుతుంది. మన రంగుల్లో మంచి తెలుపు కూడా తన మీద పడిన వెలుగులో సుమారు 90 శాతమే తిప్పి పంపుతుంది. మామూలు నలుపు కూడా మూడు నాలుగు శాతం పంపేస్తుంది. అంటే చిత్రకారుడి చేతిలో ఉన్నది ముప్పై రెట్లకు అటూ ఇటూ తేడా మాత్రమే. అంత ఎండనూ ఆ కాస్తలో ఇమడ్చాలంటే ఏ వెలుగు దేనికంటే ఎంత ఎక్కువో తూచుకోవాలి. వాస్తవికత ఆ తూకంలోనే ఉంది, గోపురం మీది బొమ్మలన్నీ లెక్కపెట్టి గీయడంలో లేదు.

ఈ తూకానికి గట్టి పరీక్ష నీళ్లు. నిటారుగా కిందికి చూస్తే నీటి పైతలం వెలుగులో రెండు శాతమే ప్రతిఫలిస్తుంది, అందుకే కాళ్ల దగ్గర అడుగున ఇసుక కనిపిస్తుంది. చూపు ఏటవాలయ్యేకొద్దీ ప్రతిఫలనం పెరిగి, దూరాన నీరంతా ఆకాశమే అవుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు దోబిన్యీ 1857లో పడవనే చిత్రశాలగా మార్చుకుని, ఒడ్డు ఊళ్లను నీటి మట్టం నుంచి, అలాంటి ఏటవాలు చూపుతోనే చూసి గీశాడు. నీటిలో గోపురం ప్రతిబింబం కూడా ఉత్త తలకిందులైన నకలు కాదు. కన్ను నీటి పైన ఎంత ఎత్తున ఉందో నీటి కింద అంతే లోతున ఉంటే ఏది కనబడుతుందో అదే అక్కడ కనబడుతుంది. అందుకే గట్టు అడ్డొచ్చి గోపురం కింది భాగం ప్రతిబింబంలో మాయమవుతుంది.

స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా కాలం నీళ్లే ఉండవు కదా అనవచ్చు. ఇసుకలో చెలమ తీసిన చోట చూడండి, చుట్టూ తడి ఇసుక ముదురు రంగులో వలయంలా ఉంటుంది. రేణువుల మధ్య నీరు చేరాక వెలుగు ఇసుకలోకి ఇంకా లోతుగా దూరి, ఎక్కువగా ఇంకిపోతుంది. ఎండిన ఏరును నిజాయితీగా గీసిన చిత్రంలో ఈ తడి పొడి తేడా తప్పక ఉంటుంది. ఇక ఫోటో ఉండగా చిత్రమెందుకన్న ప్రశ్న ఉంది. కెమెరా కూడా వెలుగును కుదించే తీరాలి, కాకపోతే ఆ కుదింపు చాలావరకు యంత్రం చేస్తుంది. చిత్రకారుడు చూసి, తేల్చుకుని చేస్తాడు. శ్రీకాళహస్తిలోనే కలంకారీ కళాకారులు నదిని అలల గీతలతో చూపిస్తారు. అది తక్కువేం కాదు, ఆ కళ చెప్పేది కథను, వెలుగును కాదు.

శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది, 2017లో కొత్తది నిలిచింది. ఊరి రూపురేఖలు ఇలా మారిపోతూనే ఉంటాయి. ఆ మార్పును చూసి గీయడం అలవడాలంటే, బొమ్మలు నేర్పే మాష్టార్లు పిల్లలను అచ్చు బొమ్మల నుంచి తప్పించి, ఏటి ఇసుకలో ఒకే చోటికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీసుకెళ్లాలి.