పాత లేత్ మిషన్ కొంటున్నారా? గాజులు తీసిచ్చే ముందు...

మీ వారికి ఏదో ఫ్యాక్టరీలో టర్నర్‌గా ఇరవయ్యేళ్ల అనుభవం. లేదా మీ అబ్బాయి ఐ.టి.ఐ. పాసై ఎక్కడో చిన్న జీతానికి పనిచేస్తున్నాడు. "ఎన్నాళ్లని ఒకరి కింద చేస్తాం? పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, సెకండ్ హ్యాండ్‌లో ఒక లేత్ మిషన్ కొనుక్కుంటే మన తిండి మనం తినొచ్చు" అన్న మాట ఓ రాత్రి భోజనాల దగ్గర వస్తుంది. దాని వెనకే మెల్లిగా ఇంకో మాట కూడా వస్తుంది. "నీ గాజులు ఓ ఏడాది బ్యాంకులో పెడదామా?"

అక్కడిదాకా వచ్చాక అది మగవాళ్ల వ్యవహారం ఎలా అవుతుంది చెప్పండి! పట్టుచీర కొనాలంటే పది దుకాణాలు తిరిగి, అంచు తిప్పి, జరీ గీకి మరీ చూస్తాం. టన్ను బరువున్న మిషన్‌ని మాత్రం చూడకుండానే సరేనంటామా? మనకు మిషన్ నడపడం రానక్కర్లేదు. ఏం అడగాలో, ఎక్కడ వేలు పెట్టి చూడాలో తెలిస్తే చాలు. మిషన్ మీద మనసు పడ్డవాళ్లకు దాని లోపాలు కనిపించవు. పక్కన నిదానంగా చూసేవాళ్లు ఒకరుండాలి. ఆ ఒక్కరూ మీరే ఎందుకు కాకూడదు?

అసలు లేత్ అంటే ఏమిటి?

ఏటికొప్పాక లక్క బొమ్మలు, కుంకుమ భరిణెలు మీకు తెలుసు కదా! అంకుడు కర్రను గిర్రున తిప్పుతూ, ఉలి ఆనించి నున్నగా చెక్కుతారు. లేత్ పని కూడా అదే. కాకపోతే అక్కడ ఉలి పనివాడి చేతిలో ఉంటుంది, కాబట్టి నేర్పంతా ఆ చేతిదే. ఇనుమును అలా చేత్తో చెక్కలేం. అందుకని పనిముట్టును మిషన్‌కే బిగించి, హ్యాండిళ్లు తిప్పుతూ జరుపుతారు. అది జరిగే పొడవాటి ఇనుప పట్టాలనే 'బెడ్' అంటారు. రాడ్డును పట్టుకుని తిరిగే గుండ్రటి భాగం 'చక్'. చక్ ఉన్న తలభాగం 'హెడ్‌స్టాక్'. బెడ్ మీద అటూ ఇటూ నడిచేది 'క్యారేజి'. ఈ నాలుగు పేర్లు గుర్తుంచుకుంటే అమ్మేవాళ్లు మీతో మర్యాదగా మాట్లాడతారు.

మోటారు పంపు షాఫ్టులు, బుష్‌లు, పుల్లీలు, చెరుకు రసం మిషన్ రోలర్లు, ట్రాక్టరు పిన్నులు ఇలా ఊళ్లో అరిగిపోయి విరిగిపోయే ప్రతి గుండ్రటి వస్తువూ లేత్ దగ్గరికి రావలసిందే. అందుకే ఈ పనికి గిరాకీ ఉంది.

ఏ కంపెనీ? ఎంత సైజు?

పాత మిషన్లలో హెచ్.ఎం.టి. పేరు ముందు వినిపిస్తుంది. అవును, మీ నాన్నగారి చేతికి ఉండిన ఆ వాచీ కంపెనీయే! వాచీలు వచ్చింది 1961లో. 1953లో బెంగుళూరులో ఆ సంస్థ పుట్టిందే మిషన్ల తయారీ కోసం. హరిహర్‌లోని మైసూర్ కిర్లోస్కర్ లేత్‌లకు కూడా మంచి పేరు. ఆ కంపెనీ మూతపడినా దాని మిషన్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఇవి కాక రాజ్‌కోట్, బటాలా వంటి చోట్ల చిన్న కంపెనీలు చేసిన తేలిక రకం మిషన్లు ఎక్కువగా దొరుకుతాయి. పేరున్న మిషన్ బాగా అరిగిపోయి ఉండొచ్చు, పేరు లేనిది తక్కువ వాడకంతో గట్టిగా ఉండొచ్చు. కాబట్టి పేరు చూసి కాదు, ఒంటిని చూసి కొనాలి.

మనవైపు లేత్‌ల సైజును బెడ్ పొడవును బట్టి నాలుగున్నర అడుగులు, ఆరు అడుగులు, ఎనిమిది అడుగులు అని చెబుతారు. ఇక్కడ ఒక చిక్కుంది. ఆరడుగుల లేత్ మీద ఆరడుగుల రాడ్డు పట్టదు! హెడ్‌స్టాక్, దాని ఎదురుగా ఉండే టెయిల్‌స్టాక్ పోగా మధ్యలో మిగిలేది సుమారు మూడడుగులే. "మనకొచ్చే పనుల్లో అన్నిటికంటే పొడవైంది ఎంత?" అని ముందే ఇంట్లో అడగండి.

రంగు చూసి మురిసిపోకండి

విజయవాడ ఆటోనగర్‌కో, సికింద్రాబాద్ రాణీగంజ్‌కో వెళితే పాత మిషన్లు కొత్త పెళ్లికూతుళ్లలా మెరుస్తూ ఉంటాయి. రంగు డబ్బా ఖర్చు కొంచెమే. దాని కింద ఏముందన్నదే అసలు సంగతి. వెళ్లేటప్పుడు సంచిలో ఒక టార్చిలైటు, పాత నూలు గుడ్డ, చిన్న అయస్కాంతం పెట్టుకోండి. కింది పరీక్షల్లో మొదటివి మీరే చేయొచ్చు. మిగిలినవి మీ వారిని చేయమనండి, మీరు పక్కనే నిలబడండి.

గోటి పరీక్ష: మన ఇంట్లో పాత సన్నికల్లు చూడండి. ఎక్కువ నూరిన చోటే గుంట పడుతుంది. లేత్ బెడ్ కూడా అంతే. పని ఎక్కువగా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి అరుగుదల అక్కడే ఉంటుంది. మిషన్ ఆపి ఉన్నప్పుడు, చక్ దగ్గర బెడ్‌ను గుడ్డతో తుడిచి, పట్టా అంచు మీద గోరు అడ్డంగా గీయండి. క్యారేజి నడిచిన చోటుకీ, నడవని చోటుకీ మధ్య మెట్టులా గోటికి తగిలిందంటే అరుగుదల బాగానే ఉందన్నమాట.

బిగింపు పరీక్ష: క్యారేజిని చక్ దగ్గర పెట్టి, కాస్త బరువుగా కదిలేలా బిగించమనండి. తర్వాత దాన్ని ఆ చివరికి నడిపించాలి. బెడ్ బాగుంటే చివరిదాకా ఒకే బరువుతో నడుస్తుంది. మధ్యలోకి వెళ్లేసరికి బిగుసుకుపోతే, చక్ దగ్గర అరిగిపోయిందని అర్థం. హ్యాండిల్ ఖాళీగా కొంత తిరిగాక గానీ పనిముట్టు కదలకపోతే కంగారు పడకండి. అది నట్టు అరుగుదల, మార్పించుకోవచ్చు. బెడ్ అరిగితే మాత్రం పెద్ద ఖర్చు.

చెవి పరీక్ష: మిషన్‌ని అన్ని స్పీడుల్లోనూ నడిపించమనండి. "కరెంటు లేదమ్మా, మొన్నటిదాకా నడిచిందే" అంటే, "కరెంటున్న రోజే వస్తామండీ" అని చెప్పి వచ్చేయండి. ఒకే తీరున హోరు ఉంటే ఫరవాలేదు. లెక్కపెట్టినట్టు టక్, టక్ మని వినిపిస్తే గేరు పన్ను విరిగి ఉండొచ్చు. గేర్ బాక్సులో చిక్కటి గ్రీసు కూరి శబ్దం దాచేవాళ్లూ ఉంటారు, మూత తీయించి టార్చి వేసి చూడండి. అరగంట నడిచాక మిషన్ ఆపించి, పిల్లల నుదురు చూసినట్టు హెడ్‌స్టాక్ మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బేరింగుల సంగతి అడగాలి.

అయస్కాంతం పరీక్ష: పోత ఇనుము పగిలితే పుట్టీ పెట్టి రంగు వేసేస్తారు. అనుమానం ఉన్న చోట అయస్కాంతం పెట్టండి. మిగతా చోట్ల గట్టిగా అంటుకుని అక్కడ మాత్రం జారిపోతోందంటే మందంగా పుట్టీ ఉన్నట్టే. పోతలో గరుకు పోవడానికి కంపెనీలు కూడా కొంత పుట్టీ పూస్తాయి. కాళ్ల దగ్గర, హెడ్‌స్టాక్ దగ్గర ఉంటే మాత్రం గీకి చూపించమనండి.

అసలు పరీక్ష: ఇది మానకూడదు. అంగుళం మందం రాడ్డును చక్‌లో బిగించి, నాలుగంగుళాలు బయటికి ఉంచి, పలచగా ఒక పొర తీయమనండి. రెండు చివరలా మైక్రోమీటరుతో కొలిచి చూడాలి. తేడా మిల్లీమీటరులో రెండు మూడు వందోవంతులుంటే రిపేరు పనులకు చక్కగా సరిపోతుంది. పదోవంతు దాకా ఉంటే ఆలోచించాలి. మిషన్ సమంగా కూర్చోకపోయినా ఈ తేడా వస్తుంది గనుక, నేల మట్టం కూడా చూడమనండి. మీ వారికి అనుభవం తక్కువైతే తెలిసిన పాత టర్నర్ ఒకరిని వెంట తీసుకెళ్లండి. వాళ్లకిచ్చే ఆ రోజు కూలి దండగ కాదు.

127 పళ్ల గేరు ఉందా?

ఈ ప్రశ్న మీరు అడిగితే దుకాణదారు కుర్చీలోంచి లేస్తాడు! పాత లేత్‌లు చాలావరకు అంగుళాల లెక్కలో చేసినవి. ఇప్పుడు వచ్చే పనులు ఎక్కువగా మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్ని అయిదుతో హెచ్చవేస్తే 127. అందుకే అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ల మరలు సరిగ్గా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి. ఇలా మార్చుకునే గేర్ల సెట్టు పాత మిషన్లలో సగం పోయి ఉంటుంది. గేర్లు, మూడు దవడల చక్, నాలుగు దవడల చక్, సెంటర్లు, డ్రిల్ చక్, స్టడీ ఒక్కొక్కటీ పేరు పేరునా బిల్లులో రాయించండి. "అన్నీ ఉన్నాయమ్మా" అన్న మాట లారీ ఎక్కేటప్పటికి మారిపోతుంది. ఇవి విడిగా కొంటే చవకగా దొరికిన మిషన్ కాస్తా ఖరీదైపోతుంది.

పనిముట్లు నూరే గ్రైండర్ కూడా కలిపి ఇస్తామంటే, దాని రాయిని ఊడదీయించి, వేలాడదీసి, కర్రతో తట్టి వినండి. మనం కుండ కొనేటప్పుడు చూసినట్టే! కంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే పగులు ఉన్నట్టు. తిరిగేటప్పుడు అది పేలిపోగలదు, వద్దనండి.

బేరం, లెక్క

ధర ఎంతన్నా ముందు ఒక అడుగు లెక్క వేసుకోండి. మిషన్ బరువు కనుక్కుని, ఆ రోజు పాత ఇనుము కిలో ధరతో హెచ్చవేయండి. ఆరడుగుల లేత్ రకాన్ని బట్టి ముప్పావు టన్ను నుంచి టన్ను పైదాకా తూగుతుంది. ఎంత పాడైనా దాని విలువ ఆ ఇనుము ధర. అక్కడి నుంచి పైకి చెప్పే ప్రతి రూపాయికీ కారణం అడగండి.

మిషన్ ధరతో లెక్క అయిపోదు. లారీ, ఎత్తి దించే క్రేన్, కాంక్రీటు నేల, వైరింగు, కొలత పరికరాలు, కోసే టూల్స్ ఇవన్నీ మీ పద్దు పుస్తకంలో విడివిడిగా రాయండి. ఉన్న డబ్బులో నాలుగో వంతు వీటికోసం పక్కన పెట్టాకే బేరానికి వెళ్లండి. మొదటి రోజు నుంచే పనులు రావు కనుక, ఇంటి ఖర్చుకూ, బంగారం వడ్డీకీ కొన్ని నెలల డబ్బు ముట్టుకోకుండా ఉంచండి. గాజులు పెట్టే ముందు బ్యాంకులో ముద్రా రుణం గురించి కూడా అడగండి. అందులో శిశు కింద 50,000 రూపాయల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు. అందుకే సరైన బిల్లు లేకుండా మిషన్ కొనకండి.

చోటు, కరెంటు

2 హెచ్.పి. మోటారంటే సుమారు 1,500 వాట్లు. రెండు పెద్ద మిక్సీలు కలిపి వేసినట్టు. మొదలయ్యేటప్పుడు ఇంకా ఎన్నో రెట్లు లాగుతుంది. పాత మిషన్లకు తరచు త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది, మన ఇళ్లలో చాలావరకు సింగిల్ ఫేజే. మోటారు మార్చాలా, కొత్త కనెక్షన్ తీసుకోవాలా అన్నది కొనకముందే ఎలక్ట్రీషియన్‌ని అడగండి. ఇంటి మీటరు మీద వ్యాపారం చేయకూడదు, విడిగా కనెక్షన్ తీసుకోవాలి. ఎర్తింగ్ తప్పనిసరి. చుట్టుపక్కల వాళ్లకు శబ్దం ఇబ్బంది కాకుండా చూసుకోండి. మునిసిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి సంగతీ కనుక్కోండి.

ఇంట్లోకి వచ్చాక...

పేరు లేత్ అయినా అది మహా ముదురు మిషన్. తిరిగే చక్‌కి చీర కొంగు, చున్నీ, జడ, పొడుగు చేతుల చొక్కా ఏది అందినా వదలదు. టీ ఇవ్వడానికి వెళ్లినా మిషన్ ఆగాకే దగ్గరికి వెళ్లండి. చేతికి గ్లవుజులు వేసుకుంటే మంచిదనుకుంటాం గానీ, తిరిగే లేత్ దగ్గర వేసుకోకూడదు, గ్లవుజుతో పాటు చేతినీ లాగేస్తుంది. చక్ బిగించే తాళాన్ని చక్‌లోనే వదిలి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరి వస్తుంది. కళ్లద్దాలు లేకుండా మిషన్ వేయనివ్వకండి.

ఉంగరాల జుట్టులా వచ్చే ఇనుప తీగలు పిల్లలకు బొమ్మల్లా కనిపిస్తాయి, బ్లేడులా కోస్తాయి. వాటిని చేత్తో లాగకూడదు, కొక్కెంతో తీయాలి. షెడ్డుకు తలుపు, తాళం ఉండాలి. షెడ్డు చెప్పులు షెడ్డులోనే విడవాలి, లేకపోతే ఆ ముక్కలు వంటింటిదాకా వస్తాయి. నూనె బట్టలు విడిగా ఉతకండి. అన్నిటికంటే ముఖ్యం, మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి.

ఇన్ని చెప్పానని భయపడి వద్దనకండి. చక్కగా చూసి కొన్న పాత లేత్ ఒక తరం దాకా అన్నం పెడుతుంది. అయితే "నచ్చింది, రేపే తెచ్చేస్తా" అన్నప్పుడు, "రాడ్డు మీద కోసి చూశారా, బిల్లులో గేర్లు రాయించారా, మొదటి ఆరు నెలలు పని ఎవరిస్తారు?" అని అడగండి. మూడింటికీ జవాబు వచ్చిన రోజు గాజులు సంతోషంగా తీసి ఇవ్వండి. అవి తిరిగి మీ చేతికి వచ్చే దారి కూడా ఆ జవాబుల్లోనే ఉంది.