కెప్లర్ కాలిబాట: ముందుగా ఆలోచించవలసింది రెండవ రోజును

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని తే ఆనౌ పట్టణం చెంత మొదలై, కొండలను చుట్టి తిరిగి అక్కడికే చేరే 60 కిలోమీటర్ల కాలిబాట పేరు కెప్లర్. ఆక్లాండ్‌లో స్థిరపడిన మా కుటుంబం నాలుగు రోజుల ఈ నడకకు పూనుకున్నప్పుడు, అందరిలాగే మేమూ సంచుల బరువు, వంట సామగ్రి లెక్కలతో ఆరంభించాము. అది తలకిందుల పద్ధతి అని తరువాత గ్రహించాము.

మొదటి రోజు మార్గం సరస్సు ఒడ్డున చల్లని అడవిలో సాగుతుంది. బీచ్ అని పిలువబడే ఇక్కడి స్థానిక వృక్షాలు, వాటి మొదళ్లను కప్పిన నాచు, కాళ్ల చుట్టూ ఫెర్న్ మొక్కలు. ఆపైన ఎడతెగని ఎక్కుడు. ఒకచోట అడవి గీత గీసినట్టు ఆగిపోతుంది. పచ్చిక, రాయి, గాలి మిగులుతాయి. 1,085 మీటర్ల ఎత్తున లక్స్‌మోర్ బస ఉంది. మరునాడు అక్కడి నుండి ఐరిస్ బర్న్ బస వరకు 14.6 కిలోమీటర్లు, అందులో అధికభాగం చెట్టన్నది లేని కొండ వెన్ను. తలదాచుకోవడానికి మధ్యలో రెండు చిన్న గదులు మాత్రమే ఉన్నాయి. నడివేసవిలో సైతం మంచు కురవవచ్చు.

మాతో అరవై దాటిన అబ్బాజాన్, పదకొండేళ్ల మా చిన్నవాడు ఉన్నారు. ఆ దూరానికి ఐదారు గంటలని చెబుతారు. అబ్బాజాన్ మోకాళ్లను దృష్టిలో ఉంచుకొని మేము ఎనిమిది గంటలు వేసుకున్నాము. అసలు చిక్కు వేరొకటి. అక్టోబరు చివరి నుండి ఏప్రిల్ చివరి వరకు ప్రతి బసలోనూ పడకను తేదీతో సహా ముందే కేటాయించుకోవాలి. పైన గుడారం వేయడానికి అనుమతి లేదు. గాలివాన వస్తే ఒక రోజు ఆగి వెళ్దామనుకుంటే, మరునాటి పడక మరొకరిదై ఉంటుంది! అందుచేత ఇంట్లోనే ఒప్పందం చేసుకున్నాము: రెండవ ఉదయం వాతావరణం అనుకూలించకపోతే, కట్టిన రుసుము పోయినా సరే, వచ్చిన దారినే దిగిపోవాలి. కొండ మీద ఈ చర్చ మొదలుపెడితే పట్టుదలదే పైచేయి అవుతుంది.

బసలలో పరుపు, గ్యాసు పొయ్యి ఉంటాయి. గిన్నెలు, ఆహారం, పడక సంచి మనమే మోసుకుపోవాలి. స్త్రీ పురుషులకు వేరు గదులు ఉండవన్నది మన కుటుంబాలు ముందే తెలుసుకోవలసిన సంగతి. హలాల్ మాంసం ఆక్లాండ్‌లో సులభంగా దొరుకుతుంది కనుక వండి ఎండబెట్టుకున్నాము. స్వదేశం నుండి వచ్చే బంధువులు తినుబండారాలను, వాడిన బూట్లను విమానాశ్రయంలో తప్పక ప్రకటించాలి. తేనెను అసలే తేరాదు. బూట్లను రాత్రి ఆరుబయట విడువకండి. కియా అనే కొండ చిలుకకు వాటిని చీల్చడం మహా సరదా.

లక్స్‌మోర్‌లో ఆ సాయంత్రం రేంజర్ వాతావరణ సూచన చదివారు. మరునాడు కొండ వెన్నుపై పెనుగాలి. పెద్దవాడి ముఖం చిన్నబోయింది. అబ్బాజాన్ మాత్రం "మాట అనుకున్నాం కదా బేటా" అని సంచి సర్దుకున్నారు.

దిగివచ్చాక, మిగిలిన రోజుల్లో ఒకనాడు రెయిన్‌బో రీచ్ వంతెన నుండి మోటురావు బస వరకు, అదే బాటలోని చదునైన 6 కిలోమీటర్లు నడిచాము. అక్కడిది మనపౌరీ సరస్సు. జలవిద్యుత్తు కోసం దాని నీటిమట్టాన్ని పెంచాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ 1970లో 2,64,907 మంది వినతిపత్రంపై సంతకాలు చేశారు. చివరకు ప్రభుత్వం ఆ ఆలోచనను విరమించుకుంది. లేకుంటే ఆ ఒడ్డున మేము కూర్చున్న చెట్ల నీడ నీటి పాలయ్యేది. అబ్బాజాన్ అక్కడ చాలాసేపు ఉండిపోయారు, శాండ్‌ఫ్లై అనే చిట్టి ఈగలు చీలమండలను కుడుతున్నా.

ఈసారి ప్రణాళిక మార్చుకున్నాము. అబ్బాజాన్, చిన్నవాడు, వారికి తోడుగా మాలో ఒకరు లక్స్‌మోర్‌లోనే రెండు రాత్రులు ఉంటారు. గాలి లేని పూట శిఖరం చూసి దిగుతారు. మిగిలినవారం ముందుకు సాగుతాము, కొండ అనుమతిస్తే.