లాక్‌డౌన్‌లో గేమ్ పూర్తికాకపోవడం బద్ధకం కాదు

ఖమ్మం, పాల్వంచ, భద్రాచలం వైపు ఒక మాట ఇంకా తిరుగుతూనే ఉంది: "లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని గేమ్‌లు చేసినవాళ్లు కోట్లు సంపాదించారు. అంత ఖాళీ దొరికినా మనవాడు ఏం చేశాడు?" సొంతంగా గేమ్‌లు చేద్దామనుకునే పిల్లల్ని ఈ మాట రెండు రకాలుగా దెబ్బతీస్తోంది. కొందరు తమకు చేతకాదని కుంగిపోతున్నారు. ఇంకొందరు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటే గేమ్ అయిపోతుందని నమ్ముతున్నారు.

అపోహ: లాక్‌డౌన్ ఖాళీలోనే హిట్ గేమ్‌లు పుట్టాయి.

వాస్తవం: అందరూ చూపించే ఉదాహరణ 'అమాంగ్ అస్'. 2020లో ప్రపంచమంతా ఆడింది నిజమే, కానీ అది విడుదలైంది 2018లో. లాక్‌డౌన్ తెచ్చిపెట్టింది ఆడేవాళ్లను మాత్రమే. పుణె స్టూడియో నోడింగ్ హెడ్స్ చేసిన 'రాజీ' 2020 ఆగస్టులో వచ్చింది. దాని పని 2017 నాటికే నడుస్తోంది, ఆ ఏడాది జనం నుంచి చందాలు సేకరించే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో అడిగిన డబ్బు కూడా రాలేదు. మన హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో చేసిన 'అసుర' 2017లోనే విడుదలైంది.

గేమ్ డెవలపర్ల సదస్సు జీడీసీ (గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్) సర్వేల్లో కరోనా వల్ల తమ గేమ్ ఆలస్యమైందని 2020లో 33 శాతం డెవలపర్లు చెప్పారు. 2021కి వాళ్లు 44 శాతమయ్యారు. ఖాళీ దొరికితే చాలు, పని జరుగుతుందనుకుంటే ఈ అంకె ఎందుకు పెరిగింది?

ఇక మన సంగతి చూడండి. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ ఎడిటర్ ఆండ్రాయిడ్ మాడ్యూళ్లతో కలిపి కొన్ని జీబీలు ఉంటుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో ఫోన్ హాట్‌స్పాట్ మీద దాన్ని దించుకోవడానికే రోజులు పడతాయి. 2020 సెప్టెంబరు 1న ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాక చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడికో చెల్లెలికో పోయింది. అంతకుముందు ఆగస్టులోనే గోదావరి భద్రాచలం దగ్గర 60 అడుగులు దాటింది. ఇల్లు మునుగుతుందేమోనని సామాను సర్దుకునేవాడిని గేమ్ ఎందుకు కాలేదని అడగడం న్యాయమేనా?

అసలు దెబ్బ ఇంకోటుంది. గేమ్ చేసినవాడికి జంప్ బటన్ ఎక్కడుందో ముందే తెలుసు. పక్కింటి పిల్లాడి చేతికి ఫోనిచ్చి, నోరు మెదపకుండా వాడి బొటనవేలు ఎటు పోతోందో చూడాలి. వాడు రెండుసార్లు తడబడితేనే ఆ బటన్ తప్పుచోట ఉందని తెలుస్తుంది. గడప దాటనివ్వని రోజుల్లో ఈ పని ఎలా జరుగుతుంది? పబ్లిషర్లను కలిసే దారీ మూసుకుపోయింది. 2020 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరగాల్సిన జీడీసీ వాయిదా పడింది, మన దేశపు గేమ్ డెవలపర్ల సదస్సు ఐజీడీసీ ఆన్‌లైన్‌కే పరిమితమైంది.

అపోహ: లాక్‌డౌన్‌లో నేర్చుకోవడానికి బోలెడు వీలు దొరికింది.

వాస్తవం: ఇది కొంతవరకు ఒప్పుకోవాలి. 2020 మార్చిలో యూనిటీ తన ప్రీమియం పాఠాలను మూడు నెలలపాటు ఉచితం చేసింది, ఆ తర్వాత శాశ్వతంగా ఉచితమే అంది. నెట్ సరిగా ఉన్నవాళ్లు బాగా నేర్చుకున్నారు. కానీ నేర్చుకోవడం వేరు, గేమ్ పూర్తిచేయడం వేరు.

మిగతా అపోహలకు జవాబు ఒక్క ముక్కలో. గేమ్ చేసేవాడంటే రోజంతా పబ్జీ ఆడేవాడా? కాదు. ప్లేస్టోర్‌లో పెడితే డబ్బు దానంతటదే వస్తుందా? రాదు. ఖరీదైన కంప్యూటర్ కొంటే గేమ్ బాగా వస్తుందా? సంబంధమే లేదు.

కాబట్టి ఉద్యోగం మానకండి. నెలలో ముగిసే చిన్న గేమ్ ఎంచుకోండి. సగం కాగానే నలుగురి చేతా ఆడించండి. ఇప్పుడు ప్లేస్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు 12 మందితో 14 రోజులు పరీక్షించాకే గేమ్ విడుదల చేయగలరు. ఆ 12 మందిని ఇవాళే వెతుక్కోండి. ఇంట్లో పెద్దలకు ఒక్క మాట: "ఎప్పుడవుతుంది?" అని అడగడం ఆపి, ఆ 12 మందిలో మీరూ ఒకరు కండి.