ఫోను మీద తగ్గింపు - మెడ మీద బాకీ

కోనసీమలో సెల్‌ఫోను లేని ఇల్లు ఇప్పుడు కనిపించదు. రాజోలు, మలికిపురం, అంబాజీపేట, కొత్తపేట ప్రాంతాల్లో కువైట్‌కో, ఖతర్‌కో, దుబాయికో మనిషిని పంపిన కుటుంబాలు ఎన్నో. అక్కడున్న భర్త ముఖం, తల్లి ముఖం చూడాలంటే ఈ ఫోనే ఆధారం. పిల్లల పాఠాలూ అందులోనే, కొబ్బరి ధర తెలుసుకోవడమూ అందులోనే. కనుక ఫోను కొన్నవాణ్ణి దుబారా మనిషి అని తేల్చేయడం న్యాయం కాదు. ఎలా కొంటున్నామన్నదే ఈ వారం మన చర్చ.

ఫ్లిప్‌కార్ట్ 2014 అక్టోబరులో 'బిగ్ బిలియన్ డే' పేరుతో పండుగ అమ్మకం ప్రారంభించింది. అమెజాన్ కూడా అదే బాట పట్టింది. అప్పటి నుంచి ఏటా దసరా ముందు ఒకే ప్రకటన: ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుతో కొంటే 10 శాతం తగ్గింపు. తరువాత ఈ అంగళ్లే బ్యాంకులతో కలిసి సొంత కార్డులు తెచ్చాయి. అమెజాన్ 2018లో ఐసీఐసీఐతో, ఫ్లిప్‌కార్ట్ 2019లో యాక్సిస్‌తో. కార్డు లేని కుర్రవాడు ఆ తగ్గింపు కోసమే కార్డు తీసుకుంటాడు. వచ్చే ఏడు తగ్గింపు వేరే బ్యాంకు కార్డు మీద ఉంటుంది. మళ్లీ సంతకం. మూడేళ్లలో జేబులో మూడు కార్డులు!

కార్డు తెలుగువారికి కొత్త వస్తువేమీ కాదు. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులిచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డులు మాత్రం దేశంలో 2024 ఆరంభానికి పది కోట్లు దాటాయి.

జుమా నమాజు తరువాత కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇది: "మౌలానా, నేను గడువులోగా మొత్తం కట్టేస్తాను. పైసా వడ్డీ ఇవ్వను. తగ్గింపు మాత్రం తీసుకుంటాను. ఇందులో తప్పేముంది?" ప్రశ్న మంచిదే. కోప్పడి పంపేయదగ్గది కాదు.

ఉలమా ఏమంటున్నారు?

ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో సమావేశమై ఈ విషయాన్ని విచారించింది. ఒప్పందంలో వడ్డీ షరతు ఉన్న క్రెడిట్ కార్డు ధర్మసమ్మతం కాదని, గడువులోగా కట్టాలనే ఉద్దేశం ఉన్నా సరే కాదని తీర్మానించింది. వడ్డీ షరతు లేని కార్డయితే అభ్యంతరం లేదంది. మన దేశంలో ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీగారు నెలకొల్పిన ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ 2006లో మైసూరు సదస్సులో దాదాపు ఇదే మాట చెప్పింది. ఏటీఎం, డెబిట్ కార్డులను అనుమతించి, వాడుకలో ఉన్న క్రెడిట్ కార్డును వద్దంది.

మరో అభిప్రాయమూ ఉంది. దాన్ని దాచడం విద్యకు ద్రోహం. వడ్డీ పడే అవకాశమే రాకుండా గడువులోగా బిల్లు కట్టే ఏర్పాటు చేసుకుంటే అవసరం మేరకు కార్డు వాడుకోవచ్చని పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ వంటి పెద్దలు అన్నారు. అయితే 'అవసరం' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. ఆన్‌లైన్‌లో డబ్బు చెల్లించే దారి కార్డు ఒక్కటే అయిన రోజుల్లో ఆ అవసరం అర్థమయ్యేది. 2016లో యూపీఐ వచ్చింది. డెబిట్ కార్డు ప్రతి ఇంట్లో ఉంది. ఇక మిగిలిన అవసరం పదిహేను వందల తగ్గింపు ఒక్కటే. దానికోసం వడ్డీ షరతు మీద సంతకం చేయడం సబబు కాదని నా అభిప్రాయం. వేరుగా నమ్మే ఆలిమ్‌ను అనుసరించే వారితో నాకు తగవు లేదు. కాని ఆ అనుమతికి ఉన్న షరతును వదిలేసి అనుమతిని మాత్రం పట్టుకుంటే అది అనుసరణ అనిపించుకోదు.

లెక్క చూద్దాం

ఇరవై వేల ఫోను. పది శాతం తగ్గింపు అంటారుగాని చిన్న అక్షరాల్లో 'గరిష్ఠం 1,500' అని ఉంటుంది. అంటే లాభం పదిహేను వందలు. బిల్లు మొత్తం కట్టలేకపోయారనుకోండి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం. ఏడాదికి 42 నుంచి 45 శాతం! ఇరవై వేల బాకీకి నెలకు 3.5 చొప్పున 700 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 826. రెండు నెలలకు 1,652. తగ్గింపు తుడిచిపెట్టుకుపోయింది. ఆలస్య రుసుము ఇంకా ఇందులో కలపలేదు. పైగా బాకీ నిలిచిందంటే వడ్డీని గడువు తేదీ నుంచి కాక, కొన్న తేదీ నుంచి వేస్తారు. ఆ తరువాత కొన్న చక్కెర ప్యాకెట్‌కు కూడా వడ్డీలేని రోజులు ఉండవు.

బిల్లు మీద 'కనీస మొత్తం' అని ఒక అంకె ఉంటుంది. సాధారణంగా బాకీలో 5 శాతం దరిదాపుల్లో. పై లెక్కలో వెయ్యి కట్టామనుకోండి. 826 వడ్డీకి, పన్నుకు పోయి అసలులో తగ్గేది 174 రూపాయలు. కట్టినవాడు కట్టాననుకుంటాడు. ఫోను పాతబడి, తెర పగిలి, పిల్లల చేతికి ఆటవస్తువైనా బాకీ అలాగే ఉంటుంది.

అజ్ఞాన కాలపు అరబ్బుల్లో వడ్డీ నడిచిన తీరును ముఫస్సిర్లు వివరించారు. గడువు రాగానే అప్పిచ్చినవాడు వచ్చి, ఇప్పుడు తీరుస్తావా, లేక మొత్తం పెంచి గడువు ఇమ్మంటావా అని అడిగేవాడట. దివ్య ఖుర్ఆన్ నిషేధించింది ముందుగా ఆ వ్యవహారాన్నే. 'కనీస మొత్తం' గడిలో ఉన్నది ఆ ప్రశ్న కాక మరేమిటి? ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తుడికి తేరుకునే దాకా వ్యవధి ఇవ్వాలని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తోంది. ఇక్కడ ఇబ్బందే వ్యాపారం.

జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో, ఏడాదికి 30 శాతం మించి కార్డు వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపారమంది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కనుక చట్టం వచ్చి ఆ 45 శాతాన్ని ఆపుతుందని ఎవరూ కూర్చోనక్కరలేదు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. కార్డు బిల్లు నెలనెలా ఒకే తేదీకి వస్తుంది. మన రాబడి అలా రాదు. కొబ్బరి దింపు తీసినప్పుడే రైతుకూ, దింపు కార్మికుడికీ, వ్యాపారికీ డబ్బు. అంబాజీపేటలో ధర పడిపోతే అదీ అంతంతమాత్రం. గల్ఫ్‌లో జీతం రెండు నెలలు ఆలస్యమైతే అడిగే నాథుడు లేడు. ఇంటి శ్లాబు కోసం అక్కడ ఎండలో చెమటోడ్చి పంపిన సొమ్ము ఇక్కడ తమ్ముడి కార్డు బాకీకి వెళ్తుంటే, ఆ సంగతి పంపినవాడికి తెలిసేది సెలవుపై ఇంటికి వచ్చాకే.

'వడ్డీలేని వాయిదాలు'

ఇది మరీ మభ్యపెట్టే మాట. రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరు 17న బ్యాంకులకు సర్క్యులర్ పంపి, సున్నా వడ్డీ అనేది అసలు లేదని, ప్రాసెసింగ్ రుసుము వంటి పేర్లతో వడ్డీని దాస్తున్నారని ఆక్షేపించింది. ఆ పేరు పోయి 'నో కాస్ట్ ఈఎంఐ' వచ్చింది.

అది పనిచేసే తీరు ఇది. ఇరవై వేల ఫోనుకు ఆరు వాయిదాలనుకోండి. అంగడి ముందే 900 తగ్గిస్తుంది. బ్యాంకు 19,100 అప్పు రాసుకుని, దానిపై 900 వడ్డీ వేసి, ఇరవై వేలు వసూలు చేస్తుంది. మనకు సమానంగానే కనిపిస్తుంది. కాని ఆ 900 వడ్డీ మీద జీఎస్టీ 162. ప్రాసెసింగ్ రుసుము 199 అనుకుంటే పన్నుతో 235. అంటే 'ఖర్చులేని' వాయిదాకు నాలుగు వందల ఖర్చు. ఇంతకంటే ముఖ్యం, బిల్లు తీసి చదవండి. వడ్డీ అని స్పష్టంగా వేరే వరుసలో రాసి ఉంటుంది. రాసేవాడు దాచనిదాన్ని మనమెందుకు కప్పిపెట్టాలి?

దీన్ని చూపి వాయిదాల కొనుగోలంతా హరామ్ అనేవారూ ఉన్నారు. అదీ అతి. నగదుకు 20,000, ఆరు నెలల వాయిదాకు 21,500 అని దుకాణదారే తన సరుకుకు ధర చెప్పి, ఇద్దరూ ఒక్క ధరకు ఒప్పుకుని, ఆలస్యమైనా ఆ ధర పెరగకూడదనుకుంటే ఆ బేరం చెల్లుతుందని ఫుఖహా అధిక సంఖ్యాకులు అన్నారు. అక్కడ అమ్ముతున్నది సరుకు. కార్డు వాయిదాలో బ్యాంకు ఇస్తున్నది డబ్బు, తీసుకుంటున్నది ఎక్కువ డబ్బు. పైకి రెండూ నెలకింత కట్టడమే గాని లోపల దూరం చాలా ఉంది. కనుక దుకాణంలో వాయిదా అన్నప్పుడు, అప్పిస్తున్నది దుకాణదారా, పక్కన బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ కంపెనీ మనిషా అని అడిగి తెలుసుకోండి. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే బజాజ్ ఫైనాన్స్ వారి ఇన్‌స్టా ఈఎంఐ కార్డు అప్పులను రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో నిలిపివేసింది. అప్పు వివరాల పత్రం కొనుగోలుదారులకు సరిగా ఇవ్వకపోవడం అందుకు ఒక కారణం. లోపాలు సరిదిద్దుకున్నాక 2024 మేలో ఆంక్ష ఎత్తివేసింది.

ఒకరి కార్డు, మరొకరి ఫోను

ఇంటింటా జరుగుతున్నది ఇది. బావమరిది అడిగాడని, మామయ్య కొడుకు అడిగాడని కార్డు ఇస్తారు. నెలనెలా ఇస్తానన్నవాడు మూడో నెల ఫోనెత్తడు. బ్యాంకు లెక్కలో బాకీదారు కార్డు యజమానే. సిబిల్ స్కోరు పడేది ఆయనదే. వసూలు మనుషులు వచ్చేది ఆయన గుమ్మానికే. సిలె రహమీ అని మొదలైన వ్యవహారం పెళ్లిలో పలకరించుకోని స్థితికి చేరుతుంది.

ఇంకొందరు ఇతరులకోసం కార్డు మీద ఫోను తీసి, వారు తరువాత కడతారని ఐదు వందలో, వెయ్యో కమీషన్ పుచ్చుకుంటారు. 'ఊరికే కూర్చుని సంపాదన' అని కుర్రాళ్లలో ఇదొక సరదా. మనం పెట్టినది అప్పు. అప్పు మీద వచ్చే లాభం రిబా అన్నది ఫిఖ్‌హ్ చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన సూత్రం. డబ్బు ముందే చేతికి ఇచ్చి, కొనిపెట్టు, నీ శ్రమకు ఇంత అంటే అది వకాలత్. ఆ సంగతి వేరు. కాని కమీషన్ బేరాల్లో ముందే డబ్బు పెట్టేవారు ఎందరు?

బఖరా సూరా 282వ ఆయతు ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు. అది అప్పు రాసుకోవడం గురించి. అందులో ఒక సూక్ష్మం ఉంది. పత్రంలోని మాటలు చెప్పాల్సింది అప్పు తీసుకునేవాడు. బాకీపడేవాడికి తానేం ఒప్పుకుంటున్నాడో తెలియాలి కదా! మన కార్డు ఒప్పందం చూడండి. పేజీలకు పేజీలు ఇంగ్లీషులో అప్పిచ్చేవాడు రాస్తాడు. బాకీపడేవాడు చదవకుండా ఓటీపీ కొడతాడు. దరఖాస్తులో జీతం గడి ఏజెంటు నింపుతాడు. పన్నెండు వేలు పాతికవేలవుతుంది. 'ఏం ఫరవాలేదు, అందరూ ఇలాగే' అంటాడు. అబద్ధం రాసింది ఏజెంటే అయినా కింద సంతకం మనది. మహాప్రవక్త (సల్లం) రుణభారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఎందుకని అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే తప్పుతాడని సెలవిచ్చారు. ఇక్కడ అబద్ధం అప్పుకంటే ముందే మొదలవుతోంది.

మరి డబ్బు చాలకపోతే?

హైదరాబాద్‌లో పుట్టి ప్రపంచ ప్రసిద్ధులైన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్, నిజాం కాలంలో అక్కడ నడిచిన వడ్డీలేని పరపతి సంఘాల గురించి 1955లో వ్యాసం రాశారు. అలాంటిది అమలాపురంలోనో, రాజోలులోనో పెట్టడానికి లక్షలు అక్కరలేదు. పదిమంది కలిసి నెలకు రెండు వేల చొప్పున వేసి, పాట లేకుండా పేరు తీసి ఒకరికి ఇచ్చే చీటీని మన ఆడవాళ్లు ఎప్పటినుంచో నడుపుతున్నారు. పాట చీటీలో అత్యవసరమున్నవాడు తన వాటాలోంచి నష్టపోతాడు. పేరు తీసే చీటీలో ఎవరూ నష్టపోరు. ఇరవై వేల ఫోనుకు అది చాలు. నగదుతో వెళ్లి బేరమాడితే అమలాపురం దుకాణదారు కూడా కొంత తగ్గిస్తాడు, కవరో, గాజుతెరో ఊరికే ఇస్తాడు.

ఇప్పటికే కార్డు ఉండి మానుకోదలచినవారికి ఒక వివరం. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం బాకీ లేని కార్డును మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే ఖాతాదారుకు చెల్లించాలి. అడగకుండా కార్డు పంపడమూ నిషిద్ధమే. కేవలం కత్తెరతో కోసి పారేస్తే కార్డు మూసినట్టు కాదు, వార్షిక రుసుము పడుతూనే ఉంటుంది. ముందు మిగిలిన వాయిదాలన్నీ కట్టేయండి. ముందస్తుగా తీరిస్తే రుసుమెంతో అడగండి. తరువాత రాతపూర్వకంగా మూసివేత కోరి, బాకీ లేదన్న పత్రం చేతికి తీసుకుని ఇంటి దస్తావేజుల్లో దాచండి.